నా పేరు విటాలిస్, విటమిన్ కాదు

నా చిన్నతనంలో నన్ను ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చాలు, ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడూ మండుతుంది. కాకపోతే అప్పుడు కోపం పేరు మీద, ఇప్పుడు కోపం దాన్ని పలికేవాళ్ళ మీద.

నా పేరు విటాలిస్. పట్టుమని నాలుగక్షరాలు లేవు. నోరు తిరగని ఒత్తులూ లేవు. అయినా సూర్యాపేటలో ఇల్లు కట్టుకుని ఇన్నేళ్ళయింది, మా వీధిలో ఒక్కరికీ అది పట్టుబడలేదు. దవాఖానలో టోకెన్లు పిలిచే అమ్మాయి ‘విశాలి’ అని కేకేస్తుంది. నేను లేచి వెళితే నన్ను కిందికీ పైకీ చూసి, పేషెంటును రమ్మనండి అంటుంది. ఫోనులో లోను ఇస్తానని వెంటపడే కుర్రాడికి నేను ‘వైటల్ గారు’. పెళ్ళి శుభలేఖల మీద విఠల్ సారుని. అర్చన చేయించబోతే పూజారి గోత్రం దాకా బాగానే వస్తాడు, పేరు దగ్గర ఆగి, చెవి నా నోటి దగ్గర పెట్టి, చివరికి తనకు తోచిన దేవుడి పేరేదో చదివేస్తాడు. ఆ పూజల ఫలం ఇన్నేళ్ళుగా ఎవరి ఖాతాలో పడుతోందో నాకు తెలియదు.

మొన్న మా మనవరాలు సెల్‌ఫోను పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. “తాతా, నీ పేరు దొరికింది” అని చూపించింది. మగపిల్లలకు పెట్టదగిన అరుదైన లాటిన్ పేర్లట. అందులో నా పేరు పక్కన ఒకే ఒక్క ముక్క. జీవం గలవాడు అని అర్థం. అంతే. దాని కింద ముద్దుగా పిలుచుకోవడానికి ఇంకో రెండు పేర్లు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒక ముక్కలో తేల్చేస్తే తేలే సంగతి కాదది. పదేళ్ళ వయసులో నడిగూడెం నుంచి మిర్యాలగూడ దాకా పోతే తప్ప నాకు తెలియలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది నడిగూడెం. తరాలుగా సేద్యం చేసుకునే ఇల్లు. ఇంట్లో అందరూ రామయ్యలు, నర్సయ్యలు, లింగయ్యలు. వాళ్ళ మధ్య నేనొక్కణ్ణి విటాలిస్. మా ఇంట్లో ఎవరూ మతం మారలేదు. నా పుట్టువెంట్రుకలు యాదగిరిగుట్టలోనే తీశారు. మరి ఈ పేరెక్కడిదని అడిగితే తెలిసిన సమాధానం ఇంతే: మా అమ్మ తల్లిగారి ఊరు మిర్యాలగూడ పక్కన, నేను అక్కడి మిషన్ దవాఖానలో పుట్టాను, దవాఖానలో ఉండే తెల్లచీర సిస్టరమ్మ పెట్టిన పేరది. ఎందుకు పెట్టిందని అడిగితే అమ్మ లేచి ఏదో పనిమీద అవతలికి వెళ్ళిపోయేది. మా నాయనమ్మ మాత్రం కళ్ళు ఉరిమేది. “గా ముచ్చట ఇంట్ల ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాలె నీకు” అనేది.

నాయనమ్మ కోపానికి వేరే కారణం కూడా ఉంది. నాకు ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదు. అట్లాంటి ఇళ్ళలో ఆ తర్వాత పుట్టిన పిల్లవాణ్ణి పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి తెచ్చుకుని, పెంటయ్య అని పేరు పెట్టడం మా వైపు వాడుక. చావుకు కూడా అసహ్యం వేసి వదిలేస్తుందని నమ్మకం. నన్ను పెంటయ్య కానివ్వలేదని నాయనమ్మకు సిస్టరమ్మ మీద పదేళ్ళ పగ.

నా పగ నాకుంది. ఒకరోజు మా ఊరి బడికి ఆరోగ్యశాఖ వాళ్ళు వచ్చి పసుపుపచ్చ మాత్రలు పంచారు. వాటిలో విటమిన్లుంటాయని, పిల్లలకు బలమని మా సారు నల్లబల్ల మీద ఆ మాట రాసి మరీ చెప్పారు. తరగతి మొత్తం ఒక్కసారి నా వైపు తిరిగింది. ఆ రోజు నుంచి నేను విటమిన్‌ని. గోలీలాటలో ఓడితే బలం లేని విటమిన్‌ని, గెలిస్తే రెండు మాత్రలు మింగిన విటమిన్‌ని.

ఐదో తరగతి అయ్యాక నన్ను కోదాడ హైస్కూల్లో చేర్పించడానికి మా నాయన తీసుకెళ్ళాడు. అక్కడి హెడ్మాస్టరు కృష్ణా జిల్లా వైపు మనిషి. మంచివాడే కానీ ఓపిక తక్కువ. నా పేరు విని కలం కింద పెట్టేశాడు. “ఇదేం పేరయ్యా? పిలవడానికా, మందుషాపులో అడగడానికా? ఇంటికెళ్ళి మంచి పేరొకటి అనుకుని సోమవారం తీసుకురా, రాసేస్తాను” అన్నాడు. ఆ రోజుల్లో హెడ్మాస్టర్లు పిల్లల పేర్లను అట్లా మార్చిపడేయడం మామూలే. నాకైతే ఆ మనిషి దేవుడిలా కనిపించాడు.

ఇంటికి వచ్చాక మొదలైంది అసలు రభస. పాతదానికి దగ్గరగా ఉంటుందని నాయన విఠల్ అన్నాడు. ఇప్పటికైనా మించిపోయింది లేదు, పెంటయ్య అని పెట్టమని నాయనమ్మ పట్టుబట్టింది. మా చిన్నాయన ఒక సినిమా హీరో పేరు చెప్పాడు. నాకు అదే నచ్చింది. నన్ను ఎవరూ అడగలేదు. అన్నాలు తింటున్నంతసేపూ నా పేరు గురించి ముగ్గురూ కొట్లాడుకున్నారు. నేను కంచం ముందు కూర్చుని ఒకరి తర్వాత ఒకరి మొహం చూస్తూ పోయాను.

అప్పటిదాకా వడ్డిస్తూ ఉన్న అమ్మ నెమ్మదిగా ఒక మాటంది. “ఇచ్చిన మనిషిని అడగకుంట ఎట్ల తీసేస్తరు? ఆమెకు చెప్పి, ఆమె సరేనంటె మార్చుకోండ్రి.”

“పేరు మార్సుకునేదానికి గామె పర్మిషన్ ఏందే” అని నాయన విసుక్కున్నాడు. నాయన మాటకు ఎదురు చెప్పడం అమ్మ అలవాటు కాదు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి మాత్రం ఉతికిన చీర కట్టుకుని, సద్ది మూటగట్టి, గడపలో నిలబడి ఉంది. నాయన చూసి, ఏమనుకున్నాడో ఏమో, మమ్మల్ని కోదాడ బస్సుస్టాండు దాకా ఎడ్లబండి మీద దింపి వచ్చాడు.

ఎండాకాలం. హుజూర్‌నగర్ దాటగానే బస్సు టైరు పంచరయింది. సాగర్ ఎడమ కాలువ తవ్వుతున్న రోజులవి, రోడ్డు పక్కన ఎర్రమట్టి గుట్టలు గుట్టలుగా పోసి ఉండేది. ఆ మట్టి గాలికి లేచి మా తలల మీద పడుతోంది. పక్కన నిలబడ్డ ముసలాయన నా పేరడిగాడు. అమ్మ చెప్పింది. అర్థం కాలేదన్నాడు. అమ్మ మళ్ళీ చెప్పింది. “విఠల్‌నా?” అన్నాడాయన. అమ్మ ఏమాత్రం విసుక్కోకుండా మూడోసారి చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ఈ బాధ ఈ రోజుతో ఖతమని, సిస్టరమ్మతో ఏం చెప్పాలో మనసులో అప్పజెప్పుకుంటూ కూర్చున్నాను.

మిషన్ దవాఖాన ఒక పొడుగాటి పెంకుటిల్లు. నేను ఎవరో గంభీరమైన మనిషిని ఊహించుకున్నాను. తీరా చూస్తే సిస్టరమ్మ మా నాయనమ్మ కంటే పొట్టి, చేతులు మోచేతి దాకా తడి, సీసాలకు మూతలు సరిగా పెట్టలేదని కాంపౌండరు మీద అరుస్తోంది. ఇటలీ దేశం నుంచి ఎప్పుడో వచ్చిందట. తెలుగు పుస్తకాల్లో నేర్చుకుంది, అందుకని కోపంలో కూడా గ్రంథాల భాషే మాట్లాడేది. అమ్మను చూడగానే అరుపు ఆపేసింది.

“గీ పిలగాడు గప్పటోడే సిస్టరమ్మా” అంది అమ్మ.

సిస్టరమ్మ నా గడ్డం పట్టుకుని, కనురెప్ప కిందికి లాగి చూసింది. “రక్తము తక్కువ. ఆకుకూరలు తినుము” అంది. తర్వాత నన్ను పేరు పెట్టి పిలిచింది. మధ్యలో ‘టా’ను సాగదీసి, చివరి ‘స్’ను మెల్లగా వదిలి. నా పేరును ఎవరైనా పూర్తిగా పలకగా నేను వినడం అదే మొదలు. అది నాది కాదు, వేరే ఎవరిదో మంచి పేరు అనిపించింది. అయినా నేను వచ్చిన పని మరిచిపోలేదు.

“నాకీ పేరొద్దు” అన్నాను. “అందరు విటమిన్ అని ఎక్కిరిస్తున్నరు.”

ఆమె పకపకా నవ్వింది. నాకు ఇంకా మండింది.

“వారు అబద్ధమేమియు చెప్పలేదు. ఆ మాట నీ పేరుకు చుట్టము” అంది. “లాటిన్ అని పాత భాష ఒకటి. ఇప్పుడు ఎవరి ఇంటిలోను దానిని మాట్లాడరు. వీటా అనగా జీవము. దాని నుండి విటమిన్ వచ్చినది, విటాలిస్ వచ్చినది. జీవము గలవాడు.”

ఇంత దూరం దుమ్ము తిని వచ్చింది దీనికా అనిపించింది. జీవం లేనిదెవరికి? మా మేకలకుంది, దూడకుంది, నన్ను ఎక్కిరించే ప్రతివాడికీ ఉంది. “గదేం అర్థం? జీవం అందరికుంటది గద” అన్నాను.

సిస్టరమ్మ నవ్వు ఆగిపోయింది. “అందరికీ ఉండదు” అంది.

తడి చేతులు తుడుచుకుంది. “మార్చుకొనుము. అందులో పాపము లేదు. మా అమ్మ పెట్టిన పేరును నేనును విడిచితిని. మఠములో వేరొకటి ఇచ్చిరి.”

“ఏం పేరది?” అని అడిగాను.

“దానితో పిలుచువారు ఇప్పుడెవరును లేరు” అంది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసింది. “నీకు వద్దన్న పేరును దారిలో పారవేయకుము. నాకు తిరిగి ఇమ్ము. ఇక్కడ దానికి పని ఉన్నది, రమ్ము.”

తీసుకెళ్ళింది ఒక చిన్న గదిలోకి. మంచం మీద ఒక బాలింత ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. పక్కన ఎత్తుబల్ల మీద వెదురుబుట్ట. అందులో దూది, గుడ్డలో చుట్టిన వేడినీళ్ళ సీసాలు, వాటి మధ్య ఒక పసిగుడ్డు. నేనట్లాంటి మనిషిపిల్లను ఎన్నడూ చూడలేదు. నా మూరెడు కూడా లేడు, తోలు కింద నరాలన్నీ కనిపిస్తున్నాయి.

నెలలు నిండకుండా పుట్టాడని, ఊపిరి తీసుకోవడం ఉండి ఉండి మరిచిపోతున్నాడని సిస్టరమ్మ చెప్పింది. మరిచిపోయినప్పుడు అరికాలు మీద వేలితో కొట్టి గుర్తు చేయాలట. “నేను అన్నము తినెదను. అంతవరకు నీవు చూడుము. ముఖమును చూడవద్దు, పొట్టను చూడుము” అని, నన్ను బుట్ట ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, తాను నా వెనక కంచం పట్టుకుని కూర్చుంది.

నేను పొట్టను చూస్తూ కూర్చున్నాను. అది లేస్తోంది, పడుతోంది. కాసేపటికి విసుగొచ్చింది. పేరు మార్చుకుందామని వస్తే నాకు పిల్లల కాపలా ఏమిటని లోపల గొణుక్కున్నాను. ఈగను తోలాను. మళ్ళీ చూసేసరికి పొట్ట కదలడం లేదు.

లేస్తుందని చూశాను. లేవలేదు. వెనక్కి తిరిగి పిలవాలని కూడా తోచలేదు. అరికాలు మీద వేలితో తట్టాను. భయం భయంగా తట్టి ఉంటాను, వాడికి తెలిసినట్టే లేదు. పెదవుల చుట్టూ నీలం తిరుగుతోంది. ఇంకోసారి గట్టిగా కొట్టాను. కొడుతూ ఏదో ఒకటి అని పిలవాలనిపించింది. వాడికింకా పేరు లేదు. నా నోటికి నా పేరే వచ్చింది. విటాలిస్ అని అరిచాను. సిస్టరమ్మ పలికినట్టు, ‘టా’ సాగదీసి.

పొట్ట ఒక్కసారి ఎగిరింది. పిల్లికూనలాగా సన్నగా ఏడిచాడు.

నా భుజం పక్కనుంచి సిస్టరమ్మ చెయ్యి అప్పటికే బుట్టలోకి చాచి ఉంది. వెనక కంచంలో అన్నం ముట్టినట్టే లేదు. ఆమె నా మీద వదిలేసి తినడానికి కూర్చోలేదు, వాణ్ణే చూస్తూ ఉందని అప్పుడు తెలిసింది. అంతలో గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మ లోపలికి వచ్చి, నన్ను పక్కకు జరిపి స్టూలు మీద కూర్చుంది. ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ పసివాడి పాదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టాలో, ఎక్కడ పట్టాలో ఆ వేళ్ళకు తెలుసు. నేను అమ్మ వేళ్ళనే చూస్తూ ఉండిపోయాను.

“నువ్వు గింతకన్న సిన్నగుంటివి” అంది అమ్మ, బుట్టలోంచి చూపు తిప్పకుండా. “నేను, మీ అమ్మమ్మ, సిస్టరమ్మ వంతులేసుకున్నం. కొట్టినప్పుడల్ల సిస్టరమ్మ గా మాట అనేది. మందు పేరో, దేవుని పేరో మాకెరుక లేదు. మేము గూడ గదే అనుకుంట కొట్టినం. అంటె ఊపిరి తీసుకునేటోనివి. ఇంటికి తోలుకపోయేటప్పుడు ఇంకో పేరుతోని పిల్వాల్నంటె నాకు భయమైంది.”

నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఆ రోజుల సంగతి నోటితో అంటే మళ్ళీ దిష్టి తగులుతుందని నాయనమ్మ ఒట్టు వేయించుకుందట. పదేళ్ళు అందరి చేతా చీవాట్లు తింటూ, దారిలో ముసలాయనకు మూడుసార్లు చెబుతూ, అమ్మ ఆ పేరును పట్టుకుని ఉంది, దాని అర్థం తెలియకుండానే. అర్థం ఆమె కూడా ఆ రోజే వింది.

మేము బయల్దేరేటప్పుడు సిస్టరమ్మ అడిగింది, పేరు ఇచ్చి పోతావా అని. “వానికి గూడ పెట్టు. నాది నాకుండనీ” అన్నాను.

చెప్పవలసింది చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: వాడికి ఆ పేరు పెట్టలేదు. వాడు దక్కాడు, బొద్దుగా తయారయ్యాడు, వాళ్ళ తాత పేరేదో పెట్టుకున్నారని పంటల నాటికి మా మేనమామ కబురు తెచ్చాడు. నాకు సంతోషం, ఉక్రోషం రెండూ కలిగాయి. నేనంత ధారాళంగా ఇస్తే తీసుకోకపోవడమేమిటి?

సోమవారం కోదాడ వెళ్ళాం. ఏం పేరు రాయమంటావని హెడ్మాస్టరు అడిగితే విటాలిస్ అన్నాను. లాటిన్ భాష దగ్గర మొదలుపెట్టి వివరించబోయాను. “మళ్ళీ అదేనా? సరే, నీ ఖర్మ” అని రాసేశాడు. తీరా చూస్తే ‘ట’ బదులు ‘ఠ’ రాశాడు. ఆ ‘ఠ’ నా పదో తరగతి సర్టిఫికెట్టులోకి, ఉద్యోగంలోకి, పెన్షన్ కాగితాల్లోకి వెంటబడి వచ్చింది. దాన్ని తీయించడానికి నేను తిరిగిన ఆఫీసులు తలుచుకుంటే ఇప్పటికీ తల తిరుగుతుంది. తోటి పిల్లలు విటమిన్ అనడం మానారా అంటే అదీ లేదు. కాకపోతే పిలిస్తే నేను పలకడం మొదలుపెట్టాను.

పెద్దయ్యాక బడిపంతులునయ్యాను. చాలా ఏళ్ళు ఆత్మకూరు వైపు పనిచేశాను. కొత్తగా చేరే పిల్లల్లో వింత పేరు గలవాడు వస్తే తోటి సార్లు నవ్వేవారు, మార్చేయమనేవారు. నేను మాత్రం ముందు ఆ పేరు ఎవరు పెట్టారని అడిగేవాణ్ణి. మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాతే. ఆ దవాఖాన గదిలో నుంచి నాతోపాటు వచ్చిన అలవాటది, ఇప్పటికీ పోలేదు. పిల్లలు చెప్పేవి వినీ వినీ, పేరంటే ఒకరు ఇంకొకరిని ఏదో ఒక అవసరంలో పిలిచిన పిలుపని నాకు అర్థమైంది. అన్ని పిలుపులూ మంచివి కావని కూడా అర్థమైంది.

ఒక ఏడు ఒకటో తరగతిలోకి సాలమ్మ అనే పిల్ల వచ్చింది. ఎవరు పెట్టారమ్మా అంటే, “మా నాయనమ్మ సారూ. ఆడపిల్లలు ఇగ సాలని” అంది. చాలు అన్న మాటే దానికి పేరు. ఆ పిల్ల ఎంతో మామూలుగా చెప్పింది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి తల్లిని అడిగాను, నువ్వేమని పిలుస్తావు అని. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తల దించుకుంది. “ఎవరు లేనప్పుడు బంగారి అని పిలుస్త సారూ” అంది.

బడిలో ఆ పేరే రాశాం. మర్నాడు హాజరు పిలిస్తే ఆ పిల్ల పలకలేదు. మళ్ళీ పిలిచాను. అటూ ఇటూ చూసి, అమ్మ వచ్చిందేమోనని గుమ్మం వైపు తిరిగి, మెల్లగా చెయ్యెత్తింది.